కిడ్నీ ఫైలులోని పొట్టి అక్షరాలు
(చిలమత్తూరులో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద చేసే ఉపన్యాసానికి కిడ్నీ రోగి ఫైలు విషయం కావడంలో వింతేమీ లేదు. ఏ కిడ్నీ ఫైలు తెరిచినా రక్తపరీక్షల కాగితంలో క్రియాటినిన్ అని ఒక వరుస, ఫాస్ఫరస్ అని మరో వరుస ఉంటాయి. ఆ రెండింటితోనూ ఆయనకు సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దాన్ని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు. ఆ కొలత చేతికొచ్చాక 1927లో ఆ ఇద్దరికే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరానికి శక్తినిచ్చే ఈ పదార్థం రోజూ కొంత కొంత విరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. దాన్ని రక్తంలోంచి తీసి మూత్రంలోకి పంపేది కిడ్నీలు. కిడ్నీలు నెమ్మదిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అని ఈ రోజు పల్లెల్లో కూడా జనం ఒకరినొకరు అడుగుతున్న ప్రశ్న వెనక ఆ ప్రయోగశాల ఉంది.

సుబ్బారావు 1948లో కన్నుమూశారు. అప్పటికి కృత్రిమ కిడ్నీ యంత్రం వయసు అయిదేళ్లు. నెదర్లాండ్స్‌లోని కంపెన్ పట్టణంలో, జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించి ఉన్న రోజుల్లో, విలెం కోల్ఫ్ అనే డాక్టరు 1943లో దాన్ని మొదటిసారి మనిషికి వాడారు. మన వైపు జనం రాయవేలూరు ఆసుపత్రి అని పిలిచే వెల్లూరు సీఎంసీలో 1971లో దేశంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ డయాలిసిస్ యంత్రాలు తిరుగుతున్నాయి. వైద్యం ఊరి దగ్గరికి వచ్చింది కానీ, ఆ వైద్యాన్ని రాసిపెట్టే భాష మాత్రం రోగి దగ్గరికి రాలేదు.

చిలమత్తూరు లాంటి చోట ఈ లోటు మరీ బాధపెడుతుంది. ఈ మండలం రాష్ట్రం అంచున ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, బాగేపల్లి. ఇక్కడి కిడ్నీ రోగి ఒక నెల హిందూపురంలో చూపించుకుంటాడు, మరో నెల పుట్టపర్తికి పోతాడు, జబ్బు ముదిరితే అనంతపురమో బెంగళూరో. ఒక ఆసుపత్రి కంప్యూటరులో ఉన్న సంగతి ఇంకో ఆసుపత్రికి సాధారణంగా కనిపించదు. అన్ని చోట్లా రాసిన కాగితాలు ఒకచోట చేరేది రోగి చేతిలోని ప్లాస్టిక్ కవరులోనే. వైద్యమంతా తెలిసిన మనిషి అంటూ ఎవరైనా ఉన్నారంటే ఆ కవరు మోసే రోగి, లేదా వెంట వచ్చే కొడుకో కోడలో. కానీ కాగితాల్లో రాసిందంతా డాక్టరు డాక్టరుకు చెప్పుకునే పొట్టి మాటల్లో ఉంటుంది. ఈ పొట్టి మాటలు కొన్ని డాక్టరు పనిని తేలిక చేయడానికి పుట్టాయి, వాటితో ఎవరికీ పేచీ లేదు. అయితే వాటిలో సగానికి సగం రోగి వంటింట్లోనూ, అతని చేతి మీదా, ఊళ్లోని మందుల షాపులోనూ అమలు కావలసిన ఆదేశాలు. అమలు చేయవలసినవాడికి అర్థం కాకపోతే వాటిని రాసి ప్రయోజనం లేదు. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఇదే.

ఫైలు మొదటి పేజీలో మామూలుగా ఇలా ఉంటుంది: ‘కే/సీ/ఓ టీటూడీఎం, హెచ్‌టీఎన్, సీకేడీ ఫైవ్, ఆన్ ఎంహెచ్‌డీ’. మొదటిదానికి అర్థం, ఇవన్నీ ముందే తెలిసిన జబ్బులని. టీటూడీఎం ఎక్కువగా పెద్దవయసులో వచ్చే చక్కెర జబ్బు. హెచ్‌టీఎన్ రక్తపోటు. సీకేడీ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, పక్కనున్న అంకె అది ఎన్నో దశలో ఉందో చెబుతుంది. ఎంహెచ్‌డీ అంటే క్రమం తప్పకుండా వారం వారం చేయించుకునే రక్తపు డయాలిసిస్. పొట్టలోకి ద్రవం పంపి ఇంట్లోనే చేసుకునే రకమైతే సీఏపీడీ అని రాస్తారు. పాత ఫైళ్లలో సీకేడీ బదులు సీఆర్‌ఎఫ్ అని కనిపిస్తుంది. జబ్బు అదే. 2002లో అమెరికా జాతీయ కిడ్నీ ఫౌండేషన్ దశలవారీ వర్గీకరణ తెచ్చాక పేరు మారింది. తండ్రి ఫైలులో సీఆర్‌ఎఫ్ ఉంది, తనకేమో సీకేడీ వచ్చింది కాబట్టి తనది వేరే జబ్బని ఓ కొడుకు అనుకునే ప్రమాదం ఉంది. కుటుంబంలో ముందు ఎవరికి వచ్చిందన్నది డాక్టరుకు అవసరమైన సమాచారం కాబట్టి ఈ చిన్న తేడా తెలిసి ఉండటం మంచిది.

అంతకన్నా ముఖ్యమైన తేడా సీకేడీకీ ఏకేఐకీ మధ్య ఉంది. ఏకేఐ అంటే కిడ్నీలకు హఠాత్తుగా తగిలిన దెబ్బ. చేలో పనిచేస్తుండగా రక్తపింజర కరిస్తే, ఆ విషం రక్తం గడ్డకట్టే తీరును చెడగొట్టి కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినా, ఎండదెబ్బ తగిలినా అంతే. ఇలాంటి మనిషికి కొన్నాళ్లు డయాలిసిస్ చేస్తే చాలా సందర్భాల్లో కిడ్నీలు మళ్లీ పనిలోకి వస్తాయి. సీకేడీ అలా కాదు. మూడు నెలలకు పైగా ఉన్న లోపం, పోయిన భాగం తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవాలి. ‘ఒకసారి మిషన్ ఎక్కితే ఇక దిగేది లేదు’ అన్న భయంతో పాము కరిచిన మనిషిని డయాలిసిస్‌కు ఒప్పుకోకుండా ఇంటికి తీసుకుపోతే, బతికే మనిషి పోతాడు. ఫైలు మీద ఏకేఐ అని ఉందా, సీకేడీ అని ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఆ భయం తీరుతుంది. రెండూ కలిపి, సీకేడీ మీద ఏకేఐ అని రాసి ఉంటే, కొత్తగా తగిలిన దెబ్బ మేరకు కోలుకునే అవకాశం ఉందని అర్థం.

ఇక క్రియాటినిన్. దీని పక్కనే ఈజీఎఫ్‌ఆర్ అని ఉంటుంది. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తద్రవాన్ని వడగడుతున్నాయో వేసే అంచనా అది. జనం క్రియాటినిన్‌ను పట్టుకుని కూర్చుంటారు కానీ, చదవాల్సింది ఈజీఎఫ్‌ఆర్. ఎందుకో ఒక లెక్కతో తేలిపోతుంది. పాతికేళ్ల యువకుడికి క్రియాటినిన్ 1.4 వచ్చిందనుకుందాం. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రంతో లెక్కిస్తే అతని ఈజీఎఫ్‌ఆర్ 71 దాకా ఉంటుంది. అదే 1.4 అరవై ఏళ్ల ఆవిడకు వస్తే 43. ఆమె అప్పటికే మూడో దశలో, అందులోనూ రెండో సగంలో ఉన్నట్టు. కండ ఎక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుంది, కండ తక్కువున్న ఒంట్లో తక్కువ. బక్కచిక్కిన పెద్దామె ‘ఒకటిన్నర కూడా లేదు, ఫరవాలేదు’ అనుకుంటే మోసపోతుంది. 90కి పైన మొదటి దశ, 60 నుంచి 89 దాకా రెండు, 30 నుంచి 59 దాకా మూడు, 15 నుంచి 29 దాకా నాలుగు, 15 లోపు అయిదు. మొదటి రెండు దశల్లో ఒక్క ఈజీఎఫ్‌ఆర్‌ను చూసి జబ్బు అనరు. మూత్రంలో ఆల్బుమిన్ పోతుండటం లాంటి ఇంకో ఆనవాలు కూడా ఉండాలి. ఆ పరీక్షను ఏసీఆర్ అని గానీ యూఏసీఆర్ అని గానీ రాస్తారు. 30 లోపు ఉంటే సరే, 300 దాటితే గట్టిగా హెచ్చరించినట్టు. చక్కెర జబ్బు ఉన్న మనిషికి కిడ్నీ దెబ్బతింటోందన్న సంగతి క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే ఈ మూత్రపరీక్ష చెప్పేస్తుంది. అయినా పల్లె ఫైళ్లలో ఎక్కువసార్లు ఖాళీగా కనిపించే గడి ఇదే.

కువైట్ పోయి వచ్చినవాళ్లు రాయలసీమలో చాలా ఊళ్లలో ఉంటారు. అక్కడి రిపోర్టులో క్రియాటినిన్ 124 అని చూసి ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకోనక్కర్లేదు. అది వేరే కొలమానం. దాన్ని 88.4తో భాగిస్తే మన లెక్క వస్తుంది, ఇక్కడ 1.4. ఇలాగే యూరియా, బీయూఎన్ ఒకటి కావు. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా అవుతుంది. ఒక ల్యాబులో 50, ఇంకో ల్యాబులో 107 వస్తే జబ్బు రెట్టింపు కాలేదు, కొలిచిన పేరు మారింది.

సీకేడీ చివర ఒక చిన్న ‘యూ’ అక్షరం తగిలించి ఉంటే దాని కథ శ్రీకాకుళం జిల్లాకు పోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో, కొబ్బరి జీడిమామిడి తోటల మధ్య, చక్కెర జబ్బూ రక్తపోటూ లేని రైతుకూలీలకు కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. కారణం తేలలేదు. తేలని ఆ కారణానికి గుర్తే ఆ అక్షరం. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకూ ఇదే జబ్బు, ఇదే ప్రశ్న. తాగునీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, లోహాలు అన్నీ అనుమానితులే. ఏ ఒక్కటీ ఇంతవరకు రుజువు కాలేదు. ఉద్దానం వాసులు ఏళ్ల తరబడి గొంతెత్తితే పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరుచుకుంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో నీటి ఫ్లోరైడ్ పాత సమస్య, పళ్లకూ ఎముకలకూ అది చేసిన హాని అందరికీ తెలుసు. దాన్ని చూపించి ఇక్కడి ప్రతి కిడ్నీ జబ్బునూ నీళ్ల మీదకు నెట్టడం మాత్రం తొందరపాటు. ఫైలులో ఆ ‘యూ’ ఉందంటే డాక్టరు చక్కెర, రక్తపోటు, రాళ్లు, కిడ్నీ వాపు అన్నీ వెదికి ఏదీ దొరకలేదని చెబుతున్నాడు. లేదంటే కారణం ఫైలులోనే ఎక్కడో రాసి ఉంటుంది. మందులు మానేసి నీళ్ల డబ్బాలు కొనే ముందు ఆ పేజీ చదివించుకోవాలి.

ఈ పొట్టి అక్షరాలతో డబ్బు కూడా ముడిపడి ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ఆ పథకంలో డయాలిసిస్ ఉంది. పింఛన్ల సంగతికి వస్తే, 2024 జూలై నుంచి ఇస్తున్న ఎన్టీఆర్ భరోసాలో డయాలిసిస్ రోగులకే కాక, సీరమ్ క్రియాటినిన్ 5 దాటినవాళ్లకు, ఈజీఎఫ్‌ఆర్ 15 లోపు పడిపోయినవాళ్లకు, కిడ్నీలు కుంచించుకుపోయినవాళ్లకు కూడా నెలకు 10,000 రూపాయల కేటగిరీలు ఉన్నాయి. స్కానింగ్ కాగితంలో ‘బైలాటరల్ స్మాల్ కాంట్రాక్టెడ్ కిడ్నీస్, లాస్ ఆఫ్ సీఎండీ’ అన్న వాక్యం ఉంటే అది రెండు కిడ్నీలూ కుంచించుకున్నాయనీ, లోపలి పొర బయటి పొర తేడా తెలియనంతగా చెడిపోయాయనీ చెప్పే మాట. సచివాలయానికి పోయే ముందు ఆ కాగితం ఏదో, దాని తేదీ ఏదో గుర్తుపట్టగలిగితే ఒక కూలి రోజు, ఒక బస్సు చార్జీ మిగులుతాయి. కాగితం తన చేతిలోనే ఉన్నా సంగతి తెలియక తిరిగే మనిషి కష్టం నిజంగా తప్పించదగ్గది.

డయాలిసిస్ చార్టు దగ్గర ఇంకాస్త ఆగాలి. ఈ ఉపన్యాసం కోసం కూర్చిన నమూనా చార్టు ఒకటి చూద్దాం: ‘డీడబ్ల్యూ 50, ప్రీ వెయిట్ 53, హెచ్‌డీ 4 గంటలు, ఎల్‌టీ బీసీ ఏవీఎఫ్, యూఎఫ్ 3 లీటర్లు. మూడో గంటలో బీపీ 90/60, క్రాంప్స్, ఎన్‌ఎస్ 100 ఎంఎల్’. డయాలిసిస్ గదుల్లో రోజూ వినిపించే సంభాషణ ఒకటుంది. ‘ఎంత తీసినారు నాయనా?’ అని అడుగుతుంది మంచం మీది పెద్దామె. ‘మూడు, అవ్వా’ అంటాడు టెక్నీషియన్. మూడేమిటో ఆమెకు ఎవరూ చెప్పరు. రక్తం మూడు సీసాలు తీసేశారని ఇంటికి పోయి చెప్పే అవ్వలు ఉన్నారు.

తీసింది రక్తం కాదు, నీరు. డీడబ్ల్యూ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు, ఇక్కడ 50 కిలోలు. మిషన్ ఎక్కే ముందు 53. ఆ మూడు కిలోలు రెండు డయాలిసిస్‌ల మధ్య తాగిన, తిన్న నీరు. దాన్నే ఐడీడబ్ల్యూజీ అని రాస్తారు. ఒక లీటరు నీరు ఒక కిలో. యూఎఫ్ అంటే మిషన్ ఆ నీటిని లాగేయడం. నాలుగు గంటల్లో మూడు లీటర్లు అంటే గంటకు 750 మిల్లీలీటర్లు. 50 కిలోల మనిషికి కిలోకు గంటకు 15 మిల్లీలీటర్లు పడింది. 13 దాటితే గుండె మీద భారం పెరుగుతుందని కిడ్నీ నిపుణులు హెచ్చరిస్తారు. అందుకే మూడో గంటలో బీపీ పడిపోయింది, పిక్కలు పట్టేశాయి, ఎన్‌ఎస్ అనే ఉప్పునీటి ద్రవం కొంచెం తిరిగి ఎక్కించారు. ‘ఈ రోజు మిషన్ సరిగా లేదు’ అని ఇంటికి పోయి అనుకునే కుటుంబానికి అసలు కారణం ఈ చార్టులోనే ఉంది. బరువు రెండు కిలోలకు మించి పెరగకుండా చూసుకుంటే ఆమెకు ఈ బాధ చాలావరకు తప్పేది. నీళ్లు తగ్గించమని చెప్పడం తేలిక. 40 డిగ్రీల ఎండలో ఆ మాట నిలబడాలంటే ముందు ఉప్పు తగ్గాలి. ఊరగాయ, అప్పడాలు, ఉప్పు మిరపకాయలు కంచంలో ఉన్నంతకాలం దాహం ఆగదు.

డీడబ్ల్యూ శిలాశాసనం కాదు. రోగి తిండి తినక కండ కరిగిపోతే అసలు బరువు 48కి దిగి ఉండొచ్చు. చార్టులో 50 అలాగే ఉంటే రెండు కిలోల నీరు ఎవరికీ కనిపించకుండా ఒంట్లో ఉండిపోతుంది, రాత్రిళ్లు పడుకుంటే ఆయాసం వస్తుంది. ‘నా డ్రై వెయిట్ ఎప్పుడు మార్చారు సార్?’ అని నెలకోసారి అడిగే రోగి తన ఊపిరితిత్తులను తానే కాపాడుకుంటున్నట్టు. డయాలిసిస్ బాగా జరిగిందా లేదా అన్నది యూఆర్‌ఆర్, కేటీ బై వీ అనే రెండు లెక్కలు చెబుతాయి. యూరియా ముందు 150, తర్వాత 50 అయితే యూఆర్‌ఆర్ 67 శాతం. 65కి తగ్గకూడదు. కేటీ బై వీ 1.2కి తగ్గకూడదు. ఈ లెక్కలు వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లను బట్టి పెట్టినవి. మన దేశంలో ఎందరో రెండుసార్లతో సరిపెట్టుకుంటున్నారు కాబట్టి, ఆ అంకె వచ్చినా సరిపోయిందని చెప్పలేం.

ఏవీఎఫ్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా అది. న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం 1966లో ప్రకటించిన ఈ చిన్న ఆపరేషన్ లక్షలమందిని బతికించింది. ‘ఎల్‌టీ’ అంటే ఎడమ చెయ్యి, ‘బీసీ’ అంటే మోచేతి దగ్గర. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, సెలైన్ ఎక్కించకూడదు, దాని మీద తల పెట్టుకుని నిద్రపోకూడదు, బరువు మోయకూడదు. వేలు పెడితే సర్రుమని కదలిక తెలియాలి. తెలియకపోతే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. జ్వరం వచ్చి వేరే ఆసుపత్రికి పోయినప్పుడు, అక్కడి నర్సు ఫైలు తిరగేయకుండా ఎడమ చేతికి సూది పొడవబోతే ఆపగలిగేది రోగి ఒక్కడే. ‘ఈ చెయ్యి వద్దమ్మా, ఫిస్టులా ఉంది’ అనగలగాలి. ఇంకా డయాలిసిస్ దాకా రాని నాలుగో దశ రోగికి కూడా రాయని చేతి నరాలను కాపాడుకోవాలని ఎవరో ఒకరు చెప్పాలి. ఫిస్టులా పనికి రావడానికి వారాలు పడుతుంది, పొడిచి పొడిచి పాడైన నరంతో అది కుదరదు. అప్పుడు మెడ దగ్గర ‘ఆర్‌ఐజేవీ పర్మ్‌క్యాత్’ అని గొట్టం వేస్తారు. దాని దారిన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి.

రక్తపరీక్షల్లో ‘కే’ అన్న అక్షరం పొటాషియానిది. అది ఆరున్నర దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. పక్కన ‘స్టాట్’ అని ఉంటే అర్థం, వెంటనే. చీటీ మీద ‘లో కే, లో పీఓఫోర్ డైట్’ అని రాసి పంపిస్తారు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని బతికే ఇంటికి ఆ ముక్క పోతుంది. రాగుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ తెల్లబియ్యంలో కన్నా చాలా ఎక్కువ. చెనిక్కాయల్లోనూ అంతే. బలానికని రోగికి రోజూ పెట్టే సంగటి, చలువకని పట్టించే టెంకాయ నీళ్లు ఆ చీటీలోని ‘కే’ అన్న ఒక్క అక్షరంలో ఉన్నాయని ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని చెప్పడానికి ఒక నిమిషం చాలు. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఆ సోడియం స్థానంలో వేసేది పొటాషియమే కాబట్టి, కిడ్నీ రోగికి అది చేటు. ఎంత తినొచ్చు, ఏది మానాలి అన్నది ఒక్కొక్కరి పరీక్షను బట్టి మారుతుంది. అన్నీ మానేసి ఎముకల గూడు కావడమూ ప్రమాదమే.

చీటీ అడుగున రెండే మాటలు తరచుగా కనిపిస్తాయి: ‘అవాయిడ్ ఎన్‌ఎస్‌ఏఐడీస్’. కిడ్నీ ఫైలు మొత్తంలో ఇంతకన్నా విలువైన వాక్యం లేదు, ఇంతకన్నా వృథా అయ్యే వాక్యమూ లేదు. ఎన్‌ఎస్‌ఏఐడీలంటే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు. మన మాటలో చెప్పాలంటే, నడుము పట్టేసినప్పుడు ఆరెంపీ వేసే నొప్పి సూది, మోకాళ్లకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర. చెనిక్కాయలు పీకే రోజుల్లో, ఒంగి ఒంగి నడుములు విరిగే కూలీలు వాటి మీదే పని నెట్టుకొస్తారు. కిడ్నీలోకి రక్తం వెళ్లే దారిని అవి ఇరుకు చేస్తాయి. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు మరీనూ. అర్థం తెలియని రోగి ఆ చీటీ జేబులో పెట్టుకునే పోయి నొప్పి సూది వేయించుకుంటాడు. తప్పు అతనిది కాదు. ‘నొప్పి సూదులు, నొప్పి మాత్రలు వద్దు, నొప్పి వస్తే ముందు నన్నడగండి’ అని తెలుగులో రాయడానికి పట్టే సమయం ఎంతని?

మందుల మోతాదుల్లో పొట్టి అక్షరాలు ప్రాణాలే తీశాయి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో వాడకూడని పొట్టి మాటల జాబితా ప్రకటించింది. అందులో మొదటిది, యూనిట్లకు బదులు రాసే ‘యూ’ అక్షరం. ఇన్సులిన్ 10 పక్కన చేతిరాతలో అది సున్నాలా కనిపిస్తే 10 కాస్తా 100 అవుతుంది. కిడ్నీలు చెడ్డ ఒంట్లో ఇన్సులిన్ త్వరగా పోదు కాబట్టి అక్కడ ఆ పొరపాటు రెట్టింపు ప్రమాదం. ‘ఎంఎస్’ అన్నది కూడా ఆ జాబితాలో ఉంది, మార్ఫినా మెగ్నీషియమా అన్నది తెలియదు కాబట్టి. రెండూ కిడ్నీ రోగి ఒంట్లో పేరుకునేవే.

ఇక్కడ సుబ్బారావు మళ్లీ గుర్తుకు రాక తప్పదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. దాన్నుంచే క్యాన్సర్ మీద పనిచేసే మెథోట్రెక్సేట్ పుట్టింది. ఈ రోజు కీళ్లవాతానికి అదే మందును చిన్న మోతాదులో వారానికి ఒక్కసారి ఇస్తారు. ఫైలులో ‘ఎంటీఎక్స్’ అని రాస్తారు. వారానికి ఒకసారి వేసుకోవలసిన మాత్రను రోజూ వేసుకుని చనిపోయినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ మందు ఒంట్లోంచి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారా. ఈజీఎఫ్‌ఆర్ బాగా పడిపోయినవాళ్లకు దాన్ని ఇవ్వనే కూడదు. తెలుగువాడి బృందం ప్రపంచానికి ఇచ్చిన మందు, తెలుగు రోగికి చదవరాని మూడక్షరాల వల్ల విషం కావడం ఎంతమాత్రం సహించరాని సంగతి. మన చీటీల్లో కనిపించే ‘ఓడీ’ రోజుకొకసారి, ‘బీడీ’ రెండుసార్లు, ‘టీడీఎస్’ మూడుసార్లు, ‘హెచ్‌ఎస్’ పడుకునే ముందు, ‘ఎస్‌ఓఎస్’ అవసరమైతేనే. వారానికొకసారి అన్నదానికి పొట్టి రూపమే వాడకూడదు, వారం పేరు తెలుగులో రాయాలి.

డాక్టర్ల వైపు ఇబ్బందీ నిజమే. ఒక పూటలో వందమందిని చూసే చోట ప్రతి మాటా విడమర్చి రాయమనడం న్యాయం కాదు. పొట్టి మాటలు వాళ్లు వాళ్ల పేజీల్లో రాసుకోనీ. రోగి ఇంటికి తీసుకుపోయే పేజీ ఒక్కటి మాత్రం అతని భాషలో ఉండాలి. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం వైపు జనం చేతిలో తెలుగు, కన్నడ, ఇంగ్లిషు మూడు భాషల కాగితాలూ ఉంటాయి. ఆ ఒక్క పేజీ తెలుగులో ఉంటే చాలు. ఈ మండలంలో నర్సింగ్, ఫార్మసీ చదువుతున్న పిల్లలు ఉన్నారు. వాళ్లు సెలవుల్లో తమ వీధిలోని కిడ్నీ రోగి ఫైలుకు ముందు పేజీ రాసివ్వాలని ఈ సభ ద్వారా విజ్ఞప్తి. జబ్బు ఏ దశలో ఉంది, చివరి ఈజీఎఫ్‌ఆర్ ఎంత, ఏ తేదీది, ఏ చేతిలో ఫిస్టులా ఉంది, డ్రై వెయిట్ ఎంత, ఏ మందులు కూడవు, హెపటైటిస్ బీ, సీ పరీక్షల ఫలితం ఏమిటి. ఇంతే. రాసింది తర్వాతి చూపుకు పోయినప్పుడు డాక్టరుకు చూపించి సరిచేయించుకోవాలి.

చట్టం కూడా రోగి పక్షానే ఉంది. డాక్టరు మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నియమం సవరించింది. 2002 నాటి నిబంధనల ప్రకారం రోగి గానీ అతని తరఫు మనిషి గానీ వైద్య రికార్డులు అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి 72 గంటల్లోగా నకళ్లు ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి కూడా. కాబట్టి డిశ్చార్జి రోజున డయాలిసిస్ చార్టు, స్కానింగ్ రిపోర్టు, రక్తపరీక్షలు అన్నింటికీ నకళ్లు అడగండి. నోటితో కాకుండా కాగితం మీద రాసి అడగండి, తేదీ వేయించుకోండి. 72 గంటల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.